గింజల వీరుడు

రాకుమారి జెల్డా నూరేళ్లుగా కోటలో మహారాక్షసుణ్ణి ఒంటరిగా అడ్డుకుంటోంది. ఆమెను ఆదుకోవలసిన వీరుడేమో ఏ కొండ కొమ్మునో నిలబడి, అక్కడ ఊరికే పడి ఉన్న రాయిని ఎత్తి కిందేముందో చూస్తున్నాడు. రాయి కింద నుంచి ఆకు మొహమున్న కొరోక్ అనే అడవిబుడత "యాహహా" అని కేరుతూ లేచి, ఓ గింజ చేతిలో పెడుతుంది. గింజ సంచిలో పడేలోపే వీరుడి చూపు పక్క కొండమీద పడుతుంది. 2017లో నింటెండో తెచ్చిన 'బ్రెత్ ఆఫ్ ది వైల్డ్' ఆటలో ఇలాంటి గింజలు 900. ఎటైనా తిరిగే వీలున్న ఓపెన్ వరల్డ్ ఆటలన్నిటా, దాచిపెట్టిన పాయింట్లు వెతుక్కుంటూ అసలు కథను గాలికొదిలేసే ఈ మనిషి తగులుతాడు. గింజల వీరుడందాం. ఆడవాళ్లలోనూ ఉన్నారు, రాళ్లెత్తడంలో వాళ్లేం తీసిపోరు.

ఎందుకయ్యా ఈ తిరుగుడు అంటే జవాబు సిద్ధంగా ఉంటుంది: బలం పెంచుకోకుండా మహారాక్షసుడి ముందుకు పోతే చావే కదా! వినడానికి పెద్దమనిషి మాటలాగే ఉంటుంది. కానీ మొదటి పీఠభూమి దిగగానే నేరుగా కోటకు పోయే దారిని ఆట తయారుచేసినవాళ్లు తెరిచే పెట్టారు. చేయి తిరిగినవాళ్లు ఆటను అరగంటలోపే ముగించి చూపించారు కూడా. కాబట్టి నేననేది, ఇతనికి కావలసింది బలం కాదు, బాకీ లేకపోవడం. మ్యాప్‌లో ఏ మూలో ఒక్క గింజ తనకు దక్కకుండా ఉండిపోయిందన్న ఊహే ఇతనికి నిద్రపట్టనివ్వదు. బలమన్నది పైకి చెప్పుకునే సాకు, "ఏదో పిల్లల చదువులకని" అంటూ మూడో ప్లాటు కొన్నవాడి సాకులాంటిది.

ఇంతకీ గింజలతో వచ్చేదేమిటి? వాటిని హెస్టు అనే భారీ కొరోక్‌కు ఇస్తే, గిలకలు ఆడిస్తూ గంతులేసి, సంచిలో ఒక గడి పెంచుతాడు. ఆయుధాల సంచిలో మొదటి గడికి ఒక్క గింజ, ఆపైన 2, 3, 5, 8 అంటూ ధర ఎక్కుతూ పోతుంది. అంటే చేతికి బలం రాదు, కత్తులు దాచుకోవడానికి చోటొస్తుంది. ఈ ఆటలో కత్తులు కొన్ని దెబ్బలకే విరిగిపోతాయి గనక మంచి కత్తిని మనవాడు ముట్టడు. ముందు ముందు పెద్ద పోరు వస్తుంది, అప్పటికుంటుందంటాడు. పెద్ద పోరు రానే వస్తుంది. అప్పుడు ఇంకా పెద్దదానికని దాచి, పొయ్యిలోకి తప్ప పనికిరాని కర్రతో బాదుతాడు. చుట్టాలొస్తే తీద్దామని అద్దాల బీరువాలో పెట్టిన కప్పులు, చుట్టాలొచ్చి స్టీలు గ్లాసుల్లో కాఫీ తాగి వెళ్లాక కూడా అక్కడే ఉన్నట్టు, ఆ కత్తులు ఆట అయిపోయేదాకా సంచిలో మిలమిలలాడుతూనే ఉంటాయి.

ప్రాణాన్ని కొలిచే గుండెల లెక్క ఇంకా రసవత్తరం. మూల ఆటలో 120 గుళ్లున్నాయి. ఒక్కో గుడిలో పరీక్ష నెగ్గితే ఒక గోళం. నాలుగు గోళాలు దేవత విగ్రహానికి సమర్పిస్తే ఒక గుండెకాయో, కొంత ఓపికో, ఏదో ఒకటే ఇస్తుంది. మెలిక ఏమిటంటే అన్ని గుళ్లూ తిరిగినా రెండూ నిండవు. ఓపికను కొలిచే చక్రాలు మూడూ నింపుకుంటే గుండెలు 27 దగ్గర ఆగుతాయి. గుండెలు 30 చేసుకుంటే చక్రం వెలితి పడుతుంది. గింజల వీరుడికి ఇది పంటి కింద రాయి. హటెనో ఊళ్లో ఓ కొమ్ముల విగ్రహం ఉంది. 100 రూపీలిచ్చి మన గుండె ఒకటి పుచ్చుకుని, 120కి గుండెగానో ఓపికగానో తిరిగి అమ్ముతుంది. (పేరు మన రూపాయిలా వినిపించినా అవి రంగురాళ్లు.) బలం కావలసినవాడు ఏదో ఒకటి తేల్చుకుని తన దారిన పోతాడు. మనవాడు విడతకు 20 వదిలించుకుంటూ అటుదిటూ ఇటుదటూ మార్చి, ఎలా చూసినా మూడు గుండెలు తక్కువేనని ప్రతిసారీ కొత్తగా కనిపెడతాడు.

ఇక తిరుగులేని సాక్ష్యం. సంచులన్నీ పూర్తిగా పెరగడానికి 441 గింజలు చాలు. మిగిలిన 459తో ఒక్క గడి పెరగదు. 900 పోగేసి హెస్టుకు చూపిస్తే దక్కేది బంగారు రంగులో చుట్టలు తిరిగిన పెంటముద్ద. కంపు కొడుతుందని కింద రాసి మరీ ఇస్తారు. దీనికన్నా సూటిగా ఎవరు చెప్పగలరు? అయినా 441వ గింజ దగ్గర ఆగని మహానుభావులు లోకంలో కొల్లలు. 2007లో వచ్చిన మొదటి 'అసాసిన్స్ క్రీడ్'లో 420 జెండాలు దాచారు. వాటితో ఏ శక్తీ రాదు. ఎక్స్‌బాక్స్‌లో పేరుకు పతకాలన్నా ఉండేవి, ప్లేస్టేషన్ 3లో అవీ లేవు. ఏరేవాళ్లు అక్కడా ఏరారు.

అన్ని ఆటలూ ఇలా వెక్కిరించవు కదా అనవచ్చు. నిజమే. 2015 నాటి 'ది విచర్ 3'లో శక్తిస్థలాలనే రాతికంబాలను తొలిసారి తాకితే ఒక్కోదానికి ఒక నైపుణ్య పాయింట్ వస్తుంది, అది పనికొచ్చేదే. కానీ అక్కడ కూడా మూల ఆటలో పన్నెండు గడుల్లో అమర్చుకున్న నైపుణ్యాలే పనిచేస్తాయి. అవి నిండాక కూడా మనవాడు, పెంచిన కూతురు ప్రాణాపాయంలో ఉన్నా, చిత్తడినేలల్లో మరో రాతికంబం కోసం గుర్రం తోలుతూనే ఉంటాడు. ఇంకో అభ్యంతరం గట్టిది: వెతికేవాడే ఆ లోకాన్ని సరిగా చూస్తాడు. ఒప్పుకోవలసిందే. వలయంలో ఒక్క రాయి తక్కువైందని, వరసలో ఒక చెట్టు తేడాగా ఉందని పట్టుకోవాలంటే కన్నుండాలి. అయితే ఎవరో మేకులు గుచ్చి పెట్టిన మ్యాప్ పక్కన తెరిచి, చూసినదాన్నల్లా కొట్టేసుకుంటూ పోయేవాడికి ఈ మాట వర్తించదు. అతనికి వానా తెలియదు, వెన్నెలా తెలియదు. ఇంటింటికీ వచ్చి కరెంటు మీటరు చూసి పోయే మనిషికి మన వాకిట్లో ముగ్గు ఎంత కనిపిస్తుందో అంతే.

రోగం ముదిరిందని తెలిసి కూడా నింటెండో వాళ్లు పథ్యం పెట్టలేదు. 2023లో తెచ్చిన 'టియర్స్ ఆఫ్ ది కింగ్‌డమ్'లో గింజలను 1,000 చేశారు. ఈసారి కొందరు కొరోక్‌లు వీపున మూట వేసుకుని, ఇక నడవలేమని దారిలోనే కూలబడతారు. వాళ్లను మోసుకెళ్లి జతగాడి దగ్గర దించాలి. దించితే రెండు గింజలు.