ఓవర్‌టేక్ కొండలరావు

బెంగళూరు మెజెస్టిక్ బస్టాండులో శుక్రవారం రాత్రి పది దాటాక నిలబడితే కొండలరావు కనిపిస్తాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, సొంతూరు గుంటూరో కరీంనగరో. వీపున నలభై లీటర్ల బ్యాగు, అందులో లీటరు నీళ్లు. పవర్‌బ్యాంకుకూ స్పీకరుకూ దొరికిన చోటు రెండో సీసాకు దొరకలేదు. బూట్లు మాత్రం తళతళలాడుతున్నాయి, మొన్ననే పెట్టె విప్పాడు.

వెళ్లేది కుమార పర్వతానికి. పుష్పగిరి అభయారణ్యంలో 1,712 మీటర్ల ఎత్తు. దక్షిణాదిలో కాళ్లు విరగ్గొట్టే ట్రెక్కుల్లో ఇదొకటని పేరు. రాత్రి బయల్దేరిన బస్సులు తెల్లారేసరికి ఒకదాని వెనక ఒకటి కుక్కే సుబ్రహ్మణ్యలో దిగుతాయి. దిగినవాళ్లందరికీ తిరుగు ప్రయాణం మళ్లీ రాత్రి బస్సులోనే. కొండ వేల ఏళ్లుగా అక్కడే ఉన్నా, అందరికీ కావలసింది మాత్రం ఆ పన్నెండు గంటలే.

2024లో రిపబ్లిక్ డే శుక్రవారం పడింది. మూడు రోజుల సెలవు. బాట పొడవునా కిక్కిరిసిన జనం ఫోటోలు దేశమంతా తిరిగాయి. కొండలరావు ఆ ఫోటోల్లో ఎక్కడో ఉన్నాడు. ఎక్కడున్నాడో వేలుపెట్టి చూపిస్తాడు కూడా.

అతనికి క్యూలు కొత్త కాదు. చిన్నప్పటి నుంచీ తిరుమల కంపార్ట్‌మెంట్లలో ఆరితేరాడు. “మావాళ్లు ముందున్నారండీ” అంటూ భుజం దూర్చడం వెన్నతో పెట్టిన విద్య. కాకపోతే తిరుమలలో రెండువైపులా ఇనుప కడ్డీలుంటాయి. ఇక్కడ ఒకవైపు లోయ.

దారిలో గిరిగద్దె దగ్గర, ట్రెక్కర్లకు అన్నం, సాంబారు పెట్టే భట్టుగారిల్లు దాటాక నీడనిచ్చే చెట్లు అయిపోయి గడ్డి కొండలు మొదలవుతాయి. ఎవరికో కాలు మడతపడి కూలబడితే వెనక వరుసంతా ఎండలో ఆగిపోతుంది, సీసాలు ఖాళీ అవుతాయి. అప్పుడే మన కొండలరావు గడ్డిలోకి దిగి పక్కనుంచి ఎక్కుతాడు. అతన్ని చూసి ఇంకో పదిమంది. నలిగిన ఆ గడ్డిదారే వానల్లో కోసుకుపోయి కాలువవుతుంది. ఈలోగా కొత్త బూటు కదిపిన రాయి కిందికి దొర్లుతుంది. “సారీ బ్రో” అనే మాట మాత్రం రాయి కన్నా ఆలస్యంగా చేరుతుంది.

శిఖరం మీద ఇంకో క్యూ, ఒంటరిగా ఉన్నట్టు ఫోటో దిగడానికి. అది ముగిసేసరికి పొద్దు వాలుతుంది. చీకట్లో దిగడానికి ఫోన్ టార్చే దిక్కు, ఆ ఛార్జింగేమో రీల్స్‌కు ఖర్చయిపోయింది. దిగాక క్యాప్షన్ పెట్టాడు: ‘మినీ ఎవరెస్ట్’. 2019 మే 22న పర్వతారోహకుడు నిర్మల్ పుర్జా తీసిన ఎవరెస్ట్ క్యూ ఫోటో అతనికి ఆదర్శం. ఆ సీజన్‌లో 11 మంది పోయారు. అన్ని చావులనూ రద్దీ మీద వేయలేం గానీ, ఆ ఎత్తులో ఆగిపోయి నిలబడినంతసేపూ సిలిండర్‌లో ఆక్సిజన్ తరిగిపోతూనే ఉంటుంది. ఆ సంగతి క్యాప్షన్‌లో పట్టలేదు.

కర్ణాటక సర్కారు ఆన్‌లైన్ బుకింగ్ లేని ట్రెక్కులను కొన్నాళ్లు ఆపేసి, తర్వాత ఒక్కో బాటకు రోజుకు 300 మందే అంది. “కొండకు కూడా టికెట్టా!” అని మండిపడి, కొండలరావు మూడు ఫోన్లు ముందేసుకు కూర్చున్నాడు. ఎట్టకేలకు ఓ పనిరోజు స్లాట్ దొరికింది.

బాట ఖాళీ. పిట్టల కూతలు వినబడుతున్నాయి. దాటేసి పోదామంటే ముందు ఎవరూ లేరు, దారి పొడుగునా అతనికి ఏదో వెలితి. శిఖరం మీద ఫోటో తీసిపెట్టే దిక్కులేక అరగంట కూర్చున్నాడు. చివరికి కింద ఎవరిదో టోపీ కనబడగానే లేచి చెయ్యూపాడు: “అన్నా, కొంచెం తొందరగా రా!”