ఏడు డిగ్రీల బావ

పెళ్లికి పోతే మా బావ ముందుగా పలకరించేది పెళ్లికొడుకును కాదు, పార్కింగులో నిలబెట్టిన బండ్లను. మొన్న పెబ్బేరు ఫంక్షన్ హాల్లో లోపల తలంబ్రాలు పడుతుంటే, ఈయన పట్టుపంచె మోకాళ్ల పైకి ఎగదోపి, ఎవరిదో తెల్ల ఇన్నోవా పక్కన గొంతుక్కూచుని, ఫోను టార్చి వేసి టైరు గోడ మీది అంకెలు చదువుతున్నాడు.

"ఇగ చూడు బామ్మర్ది, 2319. అంటే 2019ల ఇరవై మూడో వారం. జూన్ నెల సరుకు. పైకి మంచిగనే కొడుతున్నది గాని లోపల రబ్బరు ఎండిపోయింటది."

బండి ఓనరు మగపెళ్లివారి మనిషి. ఎవరో గాలి తీస్తున్నారనుకుని పరుగెత్తుకొచ్చాడు. బావ లేచి, చేతులు దులుపుకుని, ఆయన భుజం మీద చెయ్యేసి మెల్లగా చెప్పాడు: "అన్నా, భోజనం చేసి నిదానంగ బయల్దేరు. కర్నూలు దాంక ఎనభై దాటకు." ఆ పెద్దమనిషి విస్తరి ముందు కూర్చున్నాడే గాని ముద్ద దిగలేదు.

ఇట్లాంటి బావ మీ ఇంట్లోనూ ఒకరుంటారు. కొందరికి సెల్‌ఫోన్లు, కొందరికి ఇన్వర్టర్లు, కొందరికి బోరు మోటార్లు. డబ్బులు ఎవరివైనా తేల్చేది ఆయనే. తేల్చేదాకా కొననివ్వడు, కొన్నాక ‘నన్నొక మాట అడిగుంటే’ అనకుండా ఉండడు. మా వాటాకు టైర్ల బావ వచ్చాడు.

ఆయనది గద్వాల. నడిగడ్డలో సీడ్ పత్తి ఆర్గనైజరు. విత్తన ప్యాకెట్టు మీద లాట్ నంబరు, తేదీ చదవనిదే చేత్తో ముట్టడు. ఆడ వరుసలో ఒక్క బెరుకు మొక్క, అంటే వేరే రకం కల్తీ మొక్క, కనిపించినా పీకించందే గట్టు దిగడు. అంత పట్టింపు గల మనిషికి ఎవరో పాతికేళ్ల కింద టైరు మీద కూడా తయారైన వారం, సంవత్సరం అచ్చేసి ఉంటాయని చెప్పారు. ఆ చెప్పినవాడు ఎవరో తెలిస్తే మా అక్క వాణ్ణి వదిలిపెట్టదు.

ఆయన జ్ఞానం ఖరీదు మాకు మన్ననూరులో తెలిసింది. రెండు కుటుంబాలం వనపర్తి నుంచి శ్రీశైలం బయల్దేరాం. నాగర్‌కర్నూల్లో టీలు తాగి, అచ్చంపేట దాటి మన్ననూరు చేరేసరికి తొమ్మిదికి ఇంకా పావుగంట ఉంది. అక్కడి నుంచి అమ్రాబాద్ టైగర్ రిజర్వు. రాత్రి తొమ్మిదికి గేటు వేస్తే పొద్దున ఆరుకు గాని బండ్లను వదలరు. ముందున్న కార్లన్నీ గబగబా దూరిపోతున్నాయి. బావ బండి పక్కకు తీశాడు.

"ఘాటెక్కే ముందు గాలి చూడాలె."

ఆయన లాల్చీ జేబులో పెన్ను ఉండకపోవచ్చు, గాలి కొలిచే గేజీ ఉంటుంది. దాన్ని బయటికి తీసి, వాల్వు దాకా తీసుకుపోయి, ఆగాడు. "టైర్లు వేడి మీదున్నయ్. వేడి మీద కొలిస్తే లెక్క తప్పుతది. జర చల్లారనీ." మేం వాచీలు చూసుకుంటున్నాం, ఆయన టైరు మీద అరచెయ్యి పెట్టి చూస్తున్నాడు, జ్వరమొచ్చిన పిల్లాడి నుదురు చూసినట్టు. టైర్లు చల్లారాయి. గేటూ పడింది. అందరం మన్ననూరులో బండి సీట్లలోనే ఒరిగి తెల్లవార్చాం. పొద్దున ఐదున్నరకు ఆయన కొలిచాడు. నాలుగింటిలోనూ ముప్పై మూడు, ఎంతుండాలో అంత. "చూసినవా, మంచిగనే ఉన్నయ్!" అని ఆయన ఒక్కడే సంతోషించాడు. అక్క ఆ రోజు మల్లన్నను ఏం కోరుకుందో మేం అడగలేదు.

ఇక అసలు కథ. మా మేనల్లుడు మాంట్రియల్‌లో ఉద్యోగం చేస్తాడు. ఈ ఎండాకాలంలో సెకండ్ హ్యాండులో పోర్షే కయెన్ టర్బో కొన్నాడు. ఫొటో పంపితే అక్క రంగు చూసింది, నేను ధర అడిగాను, బావ రెండు వేళ్లతో ఫొటోను పెద్దది చేసి వెనక టైరు చదివాడు. "315/35 ఆర్ 21. ఇవి ఎండాకాలం టైర్లు. వీడు చలికాలం ఏం జేస్తడు?"

అప్పుడు గద్వాలలో నలభై మూడు డిగ్రీలు. కూలరు ముందు బనీను మీద కూర్చున్న మనిషికి ఆ పూట నుంచి చలికాలం పట్టుకుంది.

ఆయన పట్టుకున్న సంగతి తప్పేం కాదు, అదే చిక్కు. వాతావరణం ఏడు డిగ్రీల కిందికి పోయిందంటే ఎండాకాలపు టైరు రబ్బరు బిగుసుకుపోయి రోడ్డును పట్టదు. చలికాలపు టైరు రబ్బరులో సిలికా ఎక్కువ, అందుకని చలిలోనూ మెత్తగానే ఉంటుంది. దాని మీద బ్లేడుతో కోసినట్టు వందల సన్న గీతలు, పక్కగోడ మీద మూడు శిఖరాల కొండ, కొండ లోపల మంచుపువ్వు గుర్తు. క్యూబెక్ రాష్ట్రంలో డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా అలాంటి టైర్లు లేకుండా అక్కడి కారు రోడ్డెక్కకూడదని చట్టమే ఉంది. ఫోర్ వీల్ డ్రైవ్ ఉంది కదా అంటే, అది బండిని కదిలించడానికి పనికొస్తుంది గాని ఆపడానికి కాదు. ఇదంతా బావ పన్నెండు, పదమూడు డిగ్రీలకే మఫ్లర్లు చుట్టుకునే మా పాలమూరు జనానికి ఊరూరా తిరిగి చెప్పాడు.

ఎర్రవల్లి చౌరస్తాలో టైర్ల షాపాయన ఒక్కడే ఎదురడిగాడు. "అయితే సారూ, మంచిగున్న నాలుగు టైర్లు విప్పి పక్కన పెట్టి, ఎండాకాలం వస్తె మళ్ల అవే ఎక్కించుడా? పైసలెక్కువైనయా వాళ్లకు?"

"దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరుకు కేజీ వీల్స్ ఎందుకు ఎక్కిస్తవ్? వాటితోనే తారురోడ్డు మీదికొస్తె ఊకుంటరా? గిది గూడ గంతే. నేల మారితే చక్రం మారాలె."

షాపులో పంక్చరు వేసే పిల్లవాడితో సహా అందరూ తలలూపారు. ఒప్పుకోవాలి, నాకూ అప్పుడే సరిగ్గా అర్థమైంది.

అక్కడితో ఆగితే ఆయన మా బావ ఎందుకవుతాడు? ఇరవై ఒకటి రిమ్ము మీదనే వేయాలా, ఇరవైకి దిగాలా అన్న దాని మీద ఒక నెల నడిచింది. రిమ్ము చిన్నదైతే టైరు గోడ ఎత్తు పెరిగి గుంతలకు తట్టుకుంటుంది, టైరు సన్నబడి మంచును కోసుకుంటూ పోతుంది. కానీ టర్బోకు బ్రేకు డిస్కులు పెద్దవి, రిమ్ములో పట్టాలి. ఇరవైలో ముందువి 275/45, వెనకవి 305/40, కాబట్టి అరుగుదల చూసి ముందువి వెనక్కి మార్చుకునే వీల్లేదు. లోడు నంబరు 110 ఉంటే ఒక్కో టైరు 1060 కిలోలు మోస్తుంది, చాలు. వేగానికి వి అక్షరం ఉంటే 240 దాకా తట్టుకుంటుంది. "అక్కడ హైవే మీద వందకే బోర్డు పెట్టిండ్రు, 240 దేనికి రా నీకు?" అని కొడుకును కోప్పడ్డాడు, వాడేదో అడిగినట్టు. పోర్షే వాళ్లు ఒప్పుకున్న టైరు మీద ఎన్ అక్షరం, పక్కన అంకె ఉంటాయట. అది లేని టైరును ఆయన బెరుకు మొక్కలాగే చూశాడు.

ఆ తర్వాత కంపెనీలు. ఫిన్లాండులో నోకియన్ వాళ్లు 1934లోనే లారీలకు మంచు టైరు చేశారు, 1936లో కార్లకు హక్కపెలీటా తెచ్చారు. ఆ పేరు ఇంట్లో పొద్దున్నుంచి రాత్రిదాకా వినిపించేసరికి అక్క వంటింట్లోంచి వచ్చి, "ఎవరి అక్క పెళ్లి? నాకెవరూ చెప్పలే!" అంది. ఇంకో దిక్కు నెదర్లాండ్స్ వ్రెడెస్టైన్. దాన్ని 2009లో మన అపోలో వాళ్లు కొన్నారు. "మనోళ్లదే రా, చిత్తూరు దిక్కు ఫ్యాక్టరీ గూడ ఉన్నది" అని బావకు దేశభక్తి పొంగింది. ఒక వారం అటు, ఒక వారం ఇటు.

రోజూ తెల్లవారి ఐదున్నరకు వీడియో కాల్. అక్కడ పగలంతా ఆఫీసులో అలసిన పిల్లవాడు రాత్రి పూట సెల్లార్ పార్కింగులో ఫోను పట్టుకుని కారు కింద వంగి ఉంటాడు. "ఇంకొంచెం కిందికి. ఇంకొంచెం. ఆఁ, గదీ!" వాడు ఒక్కసారే ఎదురు తిరిగాడు: "డాడీ, షాపోళ్లు చూసుకుంటరు." ఆ మాటకు బావ రెండు పూటలు సరిగ్గా తినలేదు.

ఈ తర్జనభర్జనలో అక్టోబరు అయిపోయింది. మాంట్రియల్ మొత్తం టైర్ల షాపుల ముందు వరుస కట్టింది. మా వాడికి దొరికిన అపాయింట్‌మెంట్ ఒకటే, ఆ షాపులో ఆ సైజుకు మిగిలిన సెట్టు ఒకటే. వేయించుకుని ఫొటో పెట్టాడు. బావ రెండు వేళ్లతో సాగదీసి వారం చూశాడు, కొండ చూశాడు, అక్షరం చూశాడు. "నేను చెప్పింది గదే!" అన్నాడు. అబద్ధం కాదు. ఆయన చెప్పని టైరు బజారులో లేదు.

ఇప్పుడు ఆయన పొద్దున లేవగానే గద్వాల మార్కెట్ రేటు కంటే ముందు మాంట్రియల్ చలి చూస్తున్నాడు. ఐదారు డిగ్రీలు తగ్గితే టైరులో ఒక పాయింటు గాలి పడిపోతుంది, ఆ లెక్కన చేతివేళ్ల మీద గుణిస్తాడు. "తిన్నవా బిడ్డా" అని అడగడం అక్క పని. ఈయన అడిగేది "గాలి చూసినవా" అని. వాడు రెండింటికీ ‘ఆఁ’ అనే అంటాడు. రెండూ నిజం కాకపోవచ్చు.

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది గాని, ఈ మధ్య వనపర్తి బస్టాండు ముందు ఆగిన ఆటో వెనక చక్రం మీద అంకెలు చదువుతూ నేనూ దొరికిపోయాను. డ్రైవరు "ఏం సార్, ఫైనాన్స్ కంపెనీయా?" అన్నాడు.

అక్కకు, బావకు వీసాలు వచ్చాయి. జనవరిలో ప్రయాణం. మంచులో నడవడానికి బూట్లు కావాలి. గద్వాలలో చెప్పుల షాపుకు పోయి, సోలు ఏడు డిగ్రీల కింద బిగుసుకుపోతదా లేదా అని బావ అడిగాడట. షాపాయన "సారూ, ఇది వానలో గూడ జారదు" అన్నాడట. ఆ అజ్ఞానం మీద గోడు వెళ్లబోసుకోవడానికి నాకు ఫోన్ చేశాడు. నేను సముదాయిద్దామనే నోరు తెరిచాను. "సోలుకు సన్న గీతలున్నయా బావా? తయారైన తేదీ చూసినవా?" అని వచ్చింది.

"అట్లడుగు! మా ఇండ్ల ఒక్కనికన్న తెలివుంది!"

ఫోను అక్క లాక్కుంది. "తమ్మీ, మీరిద్దరు కూసొని తేల్చేసరికి మార్చి 15 దాటుతది. నేను కొడుకు దగ్గరికి ఒక్కదాన్నే పోతున్న."