కుక్క గిన్నెలో పోపుల పెట్టె

చలికాలం వచ్చిందంటే అరకు ఘాట్ రోడ్డు మీద కార్ల కిటికీల్లోంచి కుక్కల తలకాయలు కనబడటం మామూలైపోయింది. విశాఖ నుంచి దాదాపు 115 కిలోమీటర్లు, మలుపు మలుపుకీ కక్కుకుంటూ వచ్చిన లాబ్రడారు ఒకటి లోయలో దిగుతుంది. పేరు బ్రూనో అనుకుందాం, లాబ్రడార్లలో ఆ పేరుకి కరువు లేదు. అది గడ్డి వాసన చూస్తుండగా యజమాని గిరిజన సహకార సంస్థ దుకాణంలోకి దూరతాడు. కాఫీ పొడి తనకి. పసుపు, మిరియాలు బ్రూనోకి.

ఎందుకంటే అతగాడు ‘గోల్డెన్ పేస్ట్’ చేయాలి. పసుపు, కొబ్బరినూనె, మిరియాల పొడి కలిపి ఉడికించే ఈ ముద్దని ఆస్ట్రేలియా పశువైద్యుడొకరు ప్రచారంలోకి తెచ్చారు. అది ఊళ్లన్నీ తిరిగి, ఇంగ్లిషు పేరు పెట్టుకుని, పసుపు పండే పాడేరు కొండలకే వచ్చి చేరింది. కీళ్ల నొప్పి దగ్గర్నుంచి క్యాన్సర్ దాకా కుక్కకొచ్చే ఏ రోగాన్నీ ఇది వదలదట. విదేశాల్నుంచి తిరిగొచ్చిన పసుపు కాబట్టి మన వాళ్లకి గురి ఎక్కువ.

ఇందులో మిరియం ఎందుకని అడిగితే ‘సైన్సు’ అని జవాబు. నిజమే, సైన్సే. 1998లో బెంగళూరు పరిశోధకులు పసుపులోని కర్‌క్యుమిన్ 2 గ్రాములకి మిరియాల్లోని పైపరిన్ 20 మిల్లీగ్రాములు కలిపి మనుషులకిచ్చారు. ఒంటికి పట్టిన కర్‌క్యుమిన్ 2000 శాతం పెరిగింది. వినడానికి ఘనంగానే ఉంది. కానీ పైపరిన్ లేకుండా రక్తంలో కనబడింది దాదాపు సున్నా. సున్నా పక్కన ఎంత పెరిగినా శాతాలు పెద్దవిగానే ఉంటాయి. ఎలుకల్లో అదే ప్రయోగం చేస్తే పెరిగింది 154 శాతమే. మనిషికీ ఎలుకకీ ఇంత తేడా ఉంటే మధ్యలో బ్రూనో ఎక్కడ? ఆ ప్రయోగంలో కుక్కలు లేవు. పైగా పసుపు పొడిలో కర్‌క్యుమిన్ మామూలుగా నూటికి మూడు పాళ్లే. ఆ 2 గ్రాములు కావాలంటే అరవై గ్రాములకు పైగా పసుపు మింగించాలి. అప్పుడు బ్రూనో ఒళ్లే కాదు, అద్దెకు తీసుకున్న గది పరుపు కూడా పచ్చబడుతుంది.

కుక్కల మీద ప్రయోగమే జరగలేదా అంటే, జరిగింది. కీళ్లవాతం ఉన్న కుక్కలకు పసుపు సారం ఇచ్చి చూసిన బ్రిటన్ అధ్యయనం 2003లో అచ్చయింది. కుక్క కాలు నేల మీద ఎంత బరువు మోపుతోందో కొలిచే పలక మీద నడిపిస్తే, పసుపు తిన్నవాటికీ ఉత్తుత్తి మందు తిన్నవాటికీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పరీక్షించిన వైద్యుల కంటికి మాత్రం కాస్త మెరుగనిపించింది. కన్ను చెప్పింది యంత్రం చెప్పలేదన్నమాట. మిరియానికి ఇంకో గుణం ఉంది: కాలేయం మందుల్ని విరిచేసే పనికి అది అడ్డుపడుతుంది. మూర్ఛకో గుండెజబ్బుకో మందులు వాడుతున్న ముసలి కుక్కకి ఈ ముద్ద తినిపిస్తే, పసుపుతో పాటు ఆ మందుల పాళ్లు కూడా రక్తంలో పెరిగే ప్రమాదముంది. ఈ సంగతి వంట చిట్కాలో ఉండదు.

పసుపు సంగతి నయం, చిటికెడు పెడితే కుక్కకి హాని లేదు, డబ్బే దండగ. అసలు భయం ఉల్లిది.

తల్లి చేయని మేలు ఉల్లి చేస్తుందనే జాతి మనది. ఆ మేలు కుక్కకి కూడా జరగాలని మన దయాగుణం. ఉల్లిలోని గంధకపు పదార్థాలు కుక్క ఎర్ర రక్తకణాల్ని దెబ్బతీసి పగలగొడతాయి. కిలో బరువుకి 15 నుంచి 30 గ్రాములు చాలు. ఐదు కిలోల పగ్ కుక్కకి 75 గ్రాములంటే ఒక్క ఉల్లిపాయ. వండినా, వేయించినా, పొడి చేసినా ఆ గుణం పోదు. చిగుళ్లు పాలిపోవడం, మూత్రం కాఫీ రంగులోకి మారడం వెంటనే కనబడవు, కొన్ని రోజులు పడుతుంది. అందుకే “మావాడికి నిన్నే పెట్టానండీ, ఏం కాలేదు” అనే మాట అంత ధీమాగా వస్తుంది.

ఇక వెల్లుల్లి. పిడుదులు పోవాలని రోజుకో రెబ్బ నూరి పెట్టేవాళ్లున్నారు. వెల్లుల్లికి పిడుదు పారిపోతుందనడానికి గట్టి రుజువు లేదు. జపాన్‌లోని హొక్కాయిడో విశ్వవిద్యాలయం వారు కుక్కలకు కిలో బరువుకి 5 గ్రాముల వెల్లుల్లికి సమానమైన సారం ఏడు రోజులు ఇచ్చి, 2000లో ఫలితం ప్రకటించారు. కుక్కలు పైకి బాగానే ఉన్నాయి. రక్తకణాలు మాత్రం తగ్గాయి, దెబ్బతిన్న గుర్తులూ కనబడ్డాయి. కుక్కకి వెల్లుల్లి వద్దనే వారు తేల్చారు. రోజుకో రెబ్బ అంత మోతాదు కాదన్నది నిజమే. కానీ పిడుదు ద్వారా వచ్చే బెబీసియా జ్వరం పగలగొట్టేది కూడా ఆ ఎర్ర కణాలనే. పిడుదు మొదలుపెట్టిన పనిలో వెల్లుల్లి ఓ చెయ్యి వేయడం ఏ రకం వైద్యమో!

ఈ మొత్తం కథకి పరాకాష్ఠ బొంగులో చికెన్ దుకాణం ముందు. నిప్పుల మీంచి దించిన వెదురు బొంగుని ఆకు మీద బోర్లిస్తే ఆవిరితో పాటు అల్లం, వెల్లుల్లి, కారం వాసన గుప్పుమంటుంది. బ్రూనో చొంగ కారుస్తుంది. “నూనె చుక్క లేదు, అంతా నేచురల్” అంటూ ఎముకలతో సహా మసాలా ముక్కలు దాని ముందు పెడతారు. ఉడికిన కోడి ఎముక పెళుసుగా చీలి పేగుల్ని పొడుస్తుంది. కారానికి మండే నరం కుక్కకీ ఉంది. మనిషి నాలుక మీద రుచి మొగ్గలు తొమ్మిది వేల దాకా ఉంటే కుక్కకి పదిహేడు వందలే. అంటే ఆ మసాలా రుచి యజమానిది, మంట కుక్కది. తర్వాత తియ్యగా ఉంటుందని కాఫీ చాక్లెట్ ముక్క. కెఫీన్, థియోబ్రొమిన్ రెండూ కుక్కకి విషాలే, ఒకే రేపర్‌లో రెండూ దొరుకుతాయి.

అక్కడే నాలుగడుగుల దూరంలో ఊరి కుక్క పడుకుని ఉంటుంది. దాని యజమాని పసుపు తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి సంతకి మోసుకొచ్చిన రైతు కావచ్చు. సిల్వర్ ఓక్ చెట్లకు ఎగబాకిన మిరియాల పాదులు అతని కాఫీ తోటలోనే ఉండొచ్చు. ఆ మిరియాలు అమ్మి బియ్యం కొంటాడు. కుక్కకి గంజో, మిగిలిన చోడి అంబలో పోస్తాడు. అదే ఆదర్శ ఆహారమని కాదు, ఆ కుక్కకీ టీకా కావాలి, పురుగుల మందు కావాలి. కానీ పోపుల పెట్టెతో వైద్యం చేసే తీరిక అతనికి లేదు.

అల్లమంటే తెలీదా, బెల్లంలా పుల్లగా ఉంటుంది అన్నాడట వెనకటికొకడు. ఘాట్ మలుపుల్లో కక్కే కుక్కకి చిటికెడు అల్లం ఇస్తే తప్పేం లేదు, కానీ ఆ పనికి మారోపిటెంట్ అనే మాత్రే ఉంది, పశువైద్యుణ్ణి అడిగితే బరువు చూసి రాసిస్తారు. అరకు పసుపు, మిరియాలు తప్పకుండా కొనండి, రైతుకి నాలుగు రూపాయలు వస్తాయి. వాటితో మీ ఇంట్లో పులుసు పెట్టుకోండి. బ్రూనోకి మాత్రం ఉప్పూ కారం లేని ఎముకలు తీసిన కోడి ముక్క, అన్నం పెట్టండి. బొంగులో చికెన్ తిన్న ఆకు మడిచి, అది ఎంత జాలిగా చూసినా సరే, మూత ఉన్న చెత్తబుట్టలో వేయండి.