పరుపు కింద జనరేటర్

సరే, కారవాన్లు మనకూ వచ్చేశాయి. పాలసీ వచ్చింది, ప్యాకేజీలు వచ్చాయి, వాటికన్నా ముందే రీల్స్ వచ్చాయి. లంబసింగి మంచులో బండి ఆగి ఉంటుంది. తలుపు తెరుచుకుని, పొట్టి లాగూ చేతుల్లేని బనీనూ వేసుకున్న కుర్రాడొకడు దిగి ఒళ్లు విరుచుకుంటాడు. వెనకాల ఊరివాళ్లు దుప్పట్లు కప్పుకుని చలిమంట చుట్టూ కూర్చుని ఈ వింత చూస్తుంటారు. 'లోపల ఫుల్ హీటింగ్ బ్రో' అంటాడు వాడు. కింద లైకులే లైకులు. ఆ హీటింగ్ ఎక్కణ్నుంచి వచ్చిందని ఒక్కరూ అడగరు.

అడిగితే రసభంగం. నాకు రసభంగమంటే మహా సరదా.

అద్దెకిచ్చేవాళ్ల ప్రకటనలు చూడండి. ఇరవై నాలుగ్గంటలూ ఏసీ, రూమ్ హీటర్, గీజర్, ఇండక్షన్ స్టవ్, మైక్రోవేవ్, హెయిర్ డ్రయ్యర్, గోడకు టీవీ, పైకప్పుకు రంగురంగుల దీపాలు. ఇన్నిటికీ కరెంటెక్కడిదయ్యా అంటే అట్టడుగున చిన్న అక్షరాల్లో 'పవర్‌ఫుల్ బ్యాటరీ బ్యాకప్'. పవర్‌ఫుల్ అనేశాక ఇంకా అంకెలెందుకు?

ఇన్వర్టర్ బ్యాటరీ సంగతి మనవాళ్లకు ఒకరు చెప్పాలా? కరెంటు పోయిన మరుక్షణం ఇంట్లో వినిపించే మొదటి కేక 'గీజర్ ఆపండ్రా!' రెండో కేక 'ఆ ఫ్రిజ్ స్విచ్ తీసెయ్!' రెండు ఫ్యాన్లు, మూడు లైట్లు, మహా అయితే సీరియల్ అయ్యేదాకా టీవీ. అంతకు మించి ఏది వేసినా ఇన్వర్టర్ కీచుమంటుంది, ఇంటి పెద్ద దానికన్నా గట్టిగా అరుస్తాడు. ఆ పెద్దమనిషే, ఆ కుటుంబంతోనే కారవానెక్కగానే, అచ్చం అలాంటి బ్యాటరీయే పరుపు కింద పెట్టి 'రాత్రంతా హీటర్ వేసుకోండి సార్' అంటే తలూపేస్తాడు. బండికి చక్రాలున్నాయి గనక భౌతికశాస్త్రం ఇంటి దగ్గరే ఆగిపోయిందనుకుంటాడేమో.

లెక్క చూద్దాం. పెద్ద లెక్కేం కాదు. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలో పట్టేది 1.8 యూనిట్లు. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి పిండితే దాని ఆయుష్షు తరిగిపోతుంది కాబట్టి మన చేతికొచ్చేది 0.9 యూనిట్. రూమ్ హీటర్ 2,000 వాట్లు. అంటే అరగంట కూడా గడవదు. మీరు పక్క సర్దుకుని, పిల్లల్ని పడుకోబెట్టి, ఎవరు కిటికీ పక్కన పడుకోవాలో తేలేలోపే అయిపోయింది.

అదీ హీటర్ వెలిగితేగదా! 12 వోల్టుల మీద 2,000 వాట్లు లాగాలంటే తీగలో 160 ఆంపియర్లకు పైగా పారాలి. దానికి బొటనవేలంత లావు కేబులూ సరైన ఫ్యూజూ కావాలి. ఇంటి వైరింగులో మిగిలిన సన్న తీగ వేస్తే వేడెక్కేది గది కాదు, తీగ. అది నీళ్ల బ్యాటరీ అయితే ఛార్జింగులో హైడ్రోజన్ వదులుతుందనీ, దాన్ని గాలాడని పరుపుపెట్టెలో బిగించకూడదనీ చెబితే 'మా ఫిట్టర్ చాలా సీనియర్ సార్' అంటారు.

మాది లిథియం అంటారు కొందరు గర్వంగా. మంచిదే, దాన్ని దాదాపు అడుగంటా వాడుకోవచ్చు. 200 ఏహెచ్‌ది పెట్టారనుకుందాం, రెండున్నర యూనిట్లు. పదింటికి హీటర్ వేస్తే పదకొండుంపావుకి చలి మళ్లీ లోపలికొచ్చి మీ పక్కనే పడుకుంటుంది. లడాఖ్ తిప్పుతామనే వాళ్లకు ఇంకో ముక్క: సున్నా డిగ్రీల కింద మామూలు లిథియం బ్యాటరీని ఛార్జింగులో పెడితే అది లోపల్లోపల పాడైపోతుంది. పైన సోలార్ కూడా ఉందంటారు ఇంకొందరు. ఏ సూర్యుణ్ని మంచు కప్పేస్తే చూద్దామని లంబసింగి వెళ్తున్నామో ఆ సూర్యుడితోనే హీటర్ నడుపుతారట. ఎండ బాగా కాసిన రోజు 200 వాట్ల పలక ఇచ్చేది ఒక యూనిట్ లోపే. ఆ ఒక్క యూనిట్ హీటరుకి ఎంతసేపో పైన లెక్క చెప్పాను.

మరి రాత్రంతా ఏసీ, హీటర్ ఎలా నడుస్తున్నాయి? నిజంగానే నడుస్తున్నాయి కదా! నడుస్తున్నాయి. బండి అడుగునో వెనకాల అరలోనో జనరేటర్ ఉంది గనక. దాని గొప్పంతా ఒకటే మాటలో: 'సైలెంట్ జనరేటర్ సార్, ఉందని కూడా తెలీదు.'

తెలీదు. అదే కదా నా భయం.

2024 డిసెంబరు. కేరళలో వడకర దగ్గర హైవే పక్కన ఒక కారవాన్ ఆగింది. అందులో ఉన్న ఇద్దరూ ఆ బండి మీద పనిచేసేవాళ్లే. జనరేటర్ నడుస్తుండగా ఏసీ వేసుకుని విశ్రాంతి తీసుకున్నారు. మళ్లీ లేవలేదు. ఆగి ఉన్న బండిని చాలాసేపు ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత కాలికట్ ఎన్‌ఐటీ వాళ్లు అదే బండిలో పరీక్ష చేశారు. జనరేటర్ వదిలిన కార్బన్ మోనాక్సైడ్ బండి అడుగునున్న సందులోంచి లోపలికి చేరి రెండు గంటల్లో 957 పీపీఎంకి ఎక్కింది. 800 దగ్గరే ముప్పావు గంటలో తల తిరుగుతుంది, వాంతి వస్తుంది, రెండు గంటల్లో స్పృహ తప్పుతుంది. నిద్రలో ఉన్నవాడికి తల తిరగడం కూడా తెలియదు. ఆ వాయువుకి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్ కూర్చునే చోట అది కూర్చుంటుంది, ఆక్సిజన్ కన్నా రెండొందల రెట్లు గట్టిగా.

చనిపోయింది రీల్స్ తీసుకునే కుర్రాళ్లు కాదు. బండి గురించి అందరికన్నా ఎక్కువ తెలిసినవాళ్లు. వాళ్లకే తెలియకపోతే, రాత్రికి అద్దె కట్టి పసిపిల్లని పక్కలో వేసుకుని పడుకునే తల్లికి ఎలా తెలుస్తుంది? చెప్పాల్సింది అద్దెకిచ్చేవాడు. తాళం ఇచ్చేటప్పుడు పరుపు మీద కాఫీ మరక పడితే ఎంత వసూలు చేస్తాడో చెప్తాడు. టీవీ పగిలితే ఎంతో చెప్తాడు. జనరేటర్ పొగగొట్టం ఎటు తిరిగుందో, అది నడుస్తుండగా పడుకోవద్దనో మాట వరసకైనా చెప్పడు. చెబితే 'రాత్రంతా ఏసీ' అన్న ప్రకటన తీసేయాలి మరి. ఇది తెలియనితనం కాదు, బేరం. సినిమా షూటింగుల్లో జనరేటర్ వ్యాన్ విడిగా దూరంగా ఆగి ఉంటుంది, బారెడు కేబుల్ ఈడ్చుకొస్తారు. హీరోగారి ఊపిరికి ఆ దూరం ఉంది. మన ఊపిరికి పరుపు మందమే దూరం.

ఆ వార్త చూశాక ఒక అద్దె ఏజెన్సీకి ఫోన్ చేసి, బండిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందా బాబూ అని అడిగాను.

'అలారం ఉంది సార్, రివర్స్ గేర్ వేస్తే మోగుద్ది.'

ఫోన్ పెట్టేశాను. ఇంకేం మాట్లాడతాం?

కుంపటి బ్యాచ్ వేరే ఉంది: బార్బెక్యూ అయ్యాక మిగిలిన బొగ్గుల్ని వెచ్చగా ఉంటుందని లోపలికి తెచ్చుకుని తలుపేసుకునే మేధావులు. గ్యాస్ స్టవ్ సన్నమంట మీద వదిలేసి పడుకునేవాళ్లు. ఏసీ కోసం ఇంజిన్ ఆన్‌లో పెట్టి, పొగగొట్టాన్ని గడ్డిగట్టుకి ఆనించేవాళ్లు. చల్లగాలి వస్తోందని గాలిసందులన్నీ పాత చీరలతో కుక్కేసే అత్తయ్యలు. వీళ్ల గురించి రాస్తే నా రక్తపోటు పెరుగుతుంది, వదిలేస్తున్నాను.

దారి లేదా అంటే ఉంది. యూరప్ క్యాంపర్ వ్యాన్లలో డీజిల్ హీటర్లు ఎప్పణ్నుంచో వాడుతున్నారు. ఆ హీటర్ మంటకు కావాల్సిన గాలి బయటి నుంచే తీసుకుంటుంది, పొగను బయటికే వదులుతుంది, మంట దాని లోపలి మూసిన అరలోనే ఉంటుంది, లోపలికొచ్చేది వేడిగాలి మాత్రమే. వెలిగాక దానికి కావాల్సిన కరెంటు ఫ్యానుకీ పంపుకీ, పదుల వాట్లలో. మన 150 ఏహెచ్ బ్యాటరీ దాన్ని రాత్రంతా హాయిగా మోస్తుంది. పొగగొట్టం అతుకులు ఏటేటా చూసుకోవాలి, అలారం దానికీ పెట్టాలి. ఇంతే. కానీ అది సీటు కింద డబ్బాలా పడుంటుంది, రంగురంగుల దీపాల్లా రీల్‌లో మెరవదు. అందుకే కాబోలు ఏ ప్రకటనలోనూ కనపడదు.

ఏసీ, గీజరే కావాలంటారా, గోడ కరెంటుకి తగిలించుకోవాలి. పాలసీలో కారవాన్ పార్కులన్నారు. మహాప్రభో, ఆ పార్కుల్లో 'ఐ లవ్ లంబసింగి' అని నిలువెత్తు అక్షరాలు ఎలాగూ నిలబెడతారు, వద్దన్నా ఆగరు. ఆ కాంట్రాక్టర్‌కి బిల్లు పాస్ చేసేముందు, ప్రతి బండి ఆగేచోటా ఎర్త్ సరిగా ఉన్న ఒక 16 ఆంపియర్ల ప్లగ్గు పాయింటు బిగించమని టెండర్లో ఒక్క లైను రాయించండి.