దోమల బ్యాటు పద్యమునకు టీకా తాత్పర్యములు

అవతారిక

దోమవిషయమున మన పూర్వులకు తెలిసిన ఉపాయములు మూడే: తెర కట్టుకొని లోపల దాగియుండుట, వేపాకు పొగ వేసి దోమతోపాటు తామును దగ్గుట, చప్పట్లు చరచి దొరకినదానిని నలుపుట. వీనిలో మొదటిది శరణాగతి, రెండవది సహక్లేశము, మూడవది దైవాధీనము. ఇట్లుండగా, 1996వ సంవత్సరమున తైవాను దేశస్థుడొకడు అమెరికాలో పేటెంటు పొందిన విద్యుత్సాధనము కాలక్రమమున మన వీధిచివరి కొట్లకును, ఎర్రదీపమువద్ద ఆగిన కారుల కిటికీలచెంతకును చేరగా, అంతవరకు తెరచాటున తలదాచుకొన్న గృహస్థు హఠాత్తుగా వేటకాడయ్యెను. ఆ పరిణామమును వర్ణించు ఆటవెలదికి ఇది వ్యాఖ్య. మెదకుసీమవాడగు ప్రాచీనవ్యాఖ్యాత మల్లినాథసూరి మూలమున లేనిది వ్రాయననియు, అవసరము కానిది చెప్పననియు ప్రతిన పూనెను. ప్రస్తుత వ్యాఖ్యాతకు అంతటి నిగ్రహము లేదని మనవి.

పద్యము

చేత బ్యాటుఁ గొనుచుఁ జీకటిఁ దిరుగుచు
మీట నొక్కఁగానె మెఱపు మెఱయ
దోమ చచ్చు ననెడు తుష్టితో గృహపతి
గాలిఁ జఱచి చఱచి కన్ను మోడ్చె.

ప్రతిపదార్థము

గృహపతి = ఇంటి యజమానుడు, అనగా కరెంటు బిల్లు కట్టువాడు; చేతన్ = కుడిచేతియందు (ఎడమచేత సెల్‌ఫోను ఉండుటచేత); బ్యాటున్ = షటిలాటలోని రాకెట్టువంటి ఆకారము గల సాధనమును; కొనుచున్ = ధరించి; చీకటిన్ = దీపమార్పిన గదిలో; తిరుగుచున్ = మంచము క్రిందను, తలుపు మూలలను, చొక్కాలు తగిలించిన కొక్కెముల వెనుకను సంచరించుచు; మీటన్ = పిడిమీది బొత్తామును; నొక్కగానె = అదిమినంతనే; మెఱపు = వెలుగు; మెఱయన్ = ప్రకాశింపగా; దోమ = మశకము; చచ్చున్ = మరణింపగలదు (మరణించెనని కాదు); అనెడు తుష్టితోన్ = అను సంతోషముతో; గాలిన్ = వాయువును; చఱచి చఱచి = పలుమారులు కొట్టి; కన్ను మోడ్చెన్ = నిద్రించెను.

తాత్పర్యము

ఇంటి యజమానుడు రాత్రి దీపమార్పి, చేత బ్యాటు పూని, గదినాలుగుమూలలను వెదకుచు, బొత్తాము నొక్కినంతనే వెలిగిన వెలుగును జూచి శత్రువు హతమగుట తథ్యమని యుప్పొంగి, గాలిని మాత్రమే యథాశక్తి దండించి, అలసి నిద్రపోయెనని భావము. ఆ పిమ్మట దోమ యేమి చేసెనో కవి చెప్పకపోయినను ఊహ్యము.

విశేషములు

ఛందోవిషయము: ‘బ్యా’ సంయుక్తాక్షరము గావున దానికి ముందున్న అక్షరము గురువై, గణభంగము కాదా యని శంక. పదము వేరగుటచేత కాదు. ఇంతకంటె ఈ శంకను పెంచినచో దోమలు చేరును.

“మెఱపు మెఱయ” అనుచోట పూర్వపక్షి యిట్లనును: ఈ సాధనమున మూడు తీగవలలుండును; పిడిలోని చిన్న బ్యాటరీశక్తిని లోపలి యంత్రభాగములు పెంచగా, నడిమి వలకును వెలుపలి వలలకును మధ్య కొన్ని వందలనుండి రెండు మూడు వేల వోల్టులవరకు విద్యుత్పీడనము నిలుచును; కెపాసిటరు ఆ శక్తిని దాచియుంచి, దోమ ఆ రెంటి నడుమ జొచ్చిన క్షణముననే విడిచిపుచ్చును; కావున దోమ పడనిదే మెఱపు లేదు; మీట నొక్కగానే మెఱయుట యెట్లు? సిద్ధాంతి సమాధానము: మీట నొక్కినంతనే వెలుగునది పిడిమీది చిట్టి ఎర్రదీపము మాత్రమే. దానిని మెఱపని భ్రమించుట నాయకుని లోపమేగాని కవి లోపము కాదు. త్రాటిని జూచి పాము అని భ్రమించినవానికి భయము కలుగును. దీపమును జూచి పిడుగని భ్రమించినవానికి పౌరుషము కలిగెను.

రసనిర్ణయము: ఇది వీరమని కొందరు, రౌద్రమని కొందరు. వార్తాపత్రిక మడిచి దోమను నిశ్శబ్దముగా చంపినవాడు ఆనందించినట్లు ఎచ్చటను కానము; అదే దోమ బ్యాటుపై బడి ‘ఠప్పు’మన్నచో, టీవీలో ధారావాహిక నాయిక కన్నీరు కార్చుచున్న ఘట్టమున సైతము ఇల్లెల్ల హర్షధ్వానము చేయును. పిల్లలు వంతులకై కలహింతురు. చీమను త్రొక్కుటకు జంకు తాతగారు బ్యాటును తలగడక్రింద దాచుకొందురు. ఇంటికి వచ్చిన బంధువు తన కుమారుని ఉద్యోగముగూర్చి చెప్పుచుండగా, వాక్యము నడుమనే ఆతిథేయుడు లేచి ఆయన చెవిప్రక్కన గాలిని కొట్టుట నేడు మర్యాదాభంగముగా గణింపబడుటలేదు. కావున చప్పుడే ఇచట ఉద్దీపనము; సంహారము నిమిత్తమాత్రము; హాస్యమే అంగిరసము.

“చీకటిఁ దిరుగుచు” అనుటలో అవ్యాప్తిదోషము గలదు. మలేరియాను మోయు అనాఫిలిసు, బోదకాలు తెచ్చు క్యూలెక్సు రాత్రించరములే యైనను, డెంగీని తెచ్చు తెల్లచారల ఈడిసు పట్టపగలు కుట్టునది. రాత్రియెల్ల శూరుడై చరించిన గృహపతి, మరునాడు ఉదయము బ్యాటును చార్జింగునకు పెట్టి, వరండాలో పత్రిక చదువుకొనుచు, అసలైన శత్రువునకు తన రెండు పాదములను నిశ్చింతగా సమర్పించును. మఱియు కుట్టునది ఆడుదోమయే. గ్రుడ్లకొఱకు దానికి రక్తము కావలెను. మగదోమ పూదేనెతో కాలక్షేపము చేయును. బ్యాటునకు ఈ వివేకము లేదు.

“గృహపతి” అనుటకు మారుగా గృహిణి నేల చెప్పలేదని ప్రశ్న. ఉత్తరము: ఆమె సాయంసంధ్యకు ముందే కిటికీలు మూసి, కూలరు తొట్టిలోని నీరు పారబోసి, పూలకుండీల క్రింది పళ్ళెములను బోర్లించియుండెను గావున ఆమెకు యుద్ధముతో పని లేదు. ఆమె పక్షమునకు ఒక మహాప్రమాణము గలదు. 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులోనే రొనాల్డు రాస్ అనాఫిలిసు దోమ కడుపును కోసి, అందు మలేరియా పరాన్నజీవిని గుర్తించి, 1902లో నోబెల్ బహుమానము పొందెను. ఆయన ఆ పిమ్మట లోకమునకు ఉపదేశించినది దోమలు పుట్టు నీటినెలవులను రూపుమాపుడనియే. ఎగురుచున్న ఒక దోమను వేటాడుట ఉత్సవము. నిలిచిన నీటిని పారబోయుట చాకిరి. క్రొత్త పనిముట్టు మన నిత్యజీవితమును మార్చిన తీరు ఇదియే: చాకిరిని ఉన్నచోటనే ఉంచి, దానిప్రక్కన ఒక ఉత్సవమును అమ్మినది. ఉత్సవమునకు ఇంటిల్లిపాదియు హాజరగుదురు. చాకిరికి ఆమె యొక్కతె.

ఫలశ్రుతి

గ్రుడ్డు దోమయై యెగురుటకు వారము పదిదినములు పట్టును గావున, ఆరోగ్యశాఖవారు శుక్రవారమును ‘డ్రై డే’ యని నియమించిరి. ఈ వ్యాఖ్యను చదివిన గృహపతి యెవ్వడు ప్రతి శుక్రవారమును స్వహస్తముతో తొట్లు, కుండీలు, పాతటైర్లు, కొబ్బరిచిప్పలు ఎండగట్టునో, అట్టివాని యింట వేటకు దోమలు దొరకవు. అప్పుడు బ్యాటునకు పోసిన సొమ్ము దండుగ యగును. ఆ నష్టమునకు పరిహారము శాస్త్రమున కానరాదు.