బాగా బాగోలేదు

మా ఆవిడది వైజాగ్. రామకృష్ణా బీచ్‌లో మురీ మిక్చర్ తింటూ పెరిగి, నన్ను చేసుకున్న పాపానికి హైదరాబాదొచ్చి మంజీరా నీళ్ళతో సరిపెట్టుకుంటున్న మనిషి. పెళ్ళయి పాతికేళ్ళయింది కదా, గోవా తీసుకెళ్తానంటే, "సముద్రం చూడ్డానికి డబ్బులెందుకండీ? మా అమ్మావాళ్ళింటికి వెళ్తే సరిపోదూ?" అంది. ఆ మాట అప్పుడే చెవికెక్కించుకుని ఉంటే ఈ వారం నేను ధరల పెరుగుదల గురించి రాసుకునేవాణ్ణి.

కానీ గోవా అంటే మనవాళ్ళకి ఊరు కాదు, మొక్కు. మన సినిమాల్లో హీరోకి దుఃఖమొచ్చినా గోవాయే, సంతోషమొచ్చినా గోవాయే. విలన్ దాక్కోవాలన్నా గోవాయే. యాభై ఏళ్ళొచ్చి గోవా చూడలేదంటే ఆఫీసులో జాలిగా చూస్తున్నారు.

మా కాలనీ మలుపులో ట్రావెల్స్ ఆఫీసుంది. అందులో కుర్రాడు చాలా మర్యాదస్తుడు. "త్రీ నైట్స్, ఫోర్ డేస్ సార్. ఫ్లైట్‌తో సహా మనిషికి ఇరవై రెండు వేలు. హోటల్ బాగాలోనే సార్" అన్నాడు.

"బాగానే ఉంటుందా?"

"బాగాలోనే సార్."

బాగా అనేది ఉత్తర గోవాలో కలంగూట్ పక్కనున్న ఊరు. నాకది క్రియావిశేషణంలా వినిపించింది. సంతకం పెట్టేశాను.

ఇక లెక్క చూడండి. మా విమానం మోపాలో దిగింది రాత్రి తొమ్మిదిన్నరకి. 2023లో మొదలైన కొత్త విమానాశ్రయం అది, అద్దంలా ఉంది, కాదనను. అక్కణ్ణుంచి వ్యాను మరో మూడు జంటల కోసం కాచుక్కూచుని, వాళ్ళని మూడు హోటళ్ళ దగ్గర దింపి, మమ్మల్ని చేర్చేసరికి పదకొండున్నర. అది మొదటి పగలు. చివరి రోజు పొద్దున్న పదికల్లా గది ఖాళీ చెయ్యమన్నారు. అది నాలుగో పగలు. వంకాయలు తూచేటప్పుడు తక్కెడ మీద బొటనవేలు పెట్టే విద్య మనకి పాతదే. పగళ్ళని కూడా అలా తూచొచ్చని నాకిప్పుడే తెలిసింది. మిగిలిన రెండింటిలో ఒకటి నార్త్ గోవా బస్సుకి, ఇంకోటి సౌత్ గోవా బస్సుకి రాసిచ్చేశారు.

హోటల్ నుంచి బీచ్‌కి అయిదు నిమిషాలని కాగితంలో ఉంది. మాకు ఇరవై అయిదు పట్టింది. అయిదు నిమిషాలన్నది అబద్ధం కాకపోవచ్చు. ఆ కాగితం రాసినవాడు కాకిని దృష్టిలో పెట్టుకుని ఉంటాడు.

గది కిటికీ తీస్తే స్విమ్మింగ్‌పూల్. పూల్లో పదిహేను మంది కుర్రాళ్ళు. నీళ్ళు వాళ్ళ మధ్య ఎక్కడో ఉండే ఉంటాయి. ఒకడి తలమీద ఐస్‌బకెట్. "అరే మామా, సౌండ్ పెంచరా!" అన్న కేక వినగానే నాకు గుండె చల్లబడింది, మనవాళ్ళే కదా అని. రెండు నిమిషాల తర్వాత అదే కారణానికి గుండె జారింది.

రాత్రి పది దాటాక ఆరుబయట లౌడ్‌స్పీకర్లు మోగకూడదని దేశంలో 2000 నుంచీ నిబంధనలున్నాయి. మా సందులో పది గంటలన్నది నిబంధన కాదు, ముహూర్తం. సరిగ్గా ఆ వేళకి ఎడమవైపు క్లబ్బు మొదలెట్టిందట, కుడివైపుది అందుకుందట, మేం చేరేసరికి మధ్యలో మా మామా బృందం సొంత స్పీకర్‌తో ఇద్దరికీ జవాబిస్తోంది. రెండున్నరకి మంచం పక్క గ్లాసులో నీళ్ళు వణుకుతున్నాయి. కిందకి ఫోన్ చేస్తే రిసెప్షన్ అబ్బాయి ఎంతో ఓర్పుగా, "సర్, దిస్ ఈజ్ గోవా" అన్నాడు. కిందకి దిగి ఆ కుర్రాళ్ళనే బతిమాలాను. "సారీ అంకుల్, లాస్ట్ సాంగ్ అంకుల్" అని కుర్చీ వేశారు. వాళ్ళ సంస్కారానికి వంకపెట్టలేను. ఆ లాస్ట్ సాంగ్ మాత్రం నాలుగు దాకా నడిచింది.

పొద్దున్నే బయట నిలబడి ఆవలిస్తుంటే గోడవతల ఓ పాత గోవా ఇల్లు కనబడింది. ఎర్ర పెంకులు, ముందు అరుగులు, ఆల్చిప్పలు చెక్కి అతికించిన కిటికీలు. ఓ ముసలావిడ గోడమీద వరసగా పేర్చిన బీరు డబ్బాల్ని ఒక్కోటీ తీసి సంచీలో వేస్తోంది. నన్ను చూసి ఇంగ్లీషులో, "హైదరాబాదా?" అంది. ఎలా తెలిసిందండీ అన్నాను. "మీ భాషలో నాకు రెండు మాటలొచ్చు" అంది. "మామా, ఏయ్."

పోర్చుగీసు మాట నుంచి వచ్చిన 'సుసెగాద్' అని ఒకటుంది వాళ్ళ కొంకణిలో. తొందర లేకుండా, నిమ్మళంగా బతకడం. ఆ మాట మా హోటల్ గోడమీద బంగారు రంగులో రాసుంది. దాన్ని వెనక్కి పుచ్చుకోడానికి ఆవిడ రోజూ పొద్దున్న గోనెసంచీతో వస్తున్నట్టనిపించింది.

నార్త్ గోవా బస్సులో గైడ్‌కి ఒకటే భాష, నిమిషాలు. 1612లో పోర్చుగీసువాళ్ళు కట్టిన అగ్వాద కోటకి ముప్ఫై. దూరం నుంచి వచ్చే ఓడలకి ఇక్కడ మంచినీళ్ళు నింపేవాళ్ళట. మేం నీళ్ళ బాటిల్ కొనేలోగా ఈల వేశాడు. డాల్ఫిన్ల పడవకి నలభై. డ్రైవరు "అదిగో, అదిగో" అన్నప్పుడల్లా పడవలో ముప్ఫై మందిమీ అటు ఒరిగాం. నేను చూసింది ముందువాడి టోపీ. ప్రతి చోటా దిగగానే గైడ్ ఫోన్ లాక్కుని "స్మైల్ సర్, స్మైల్ మేడం" అంటాడు. స్మైలాం.

సాయంత్రం నాలుగింటికి ఆఖరి మజిలీ బాగా బీచ్, గంట సేపు. హమ్మయ్య, సముద్రం! ఇసుక మాత్రం కనబడలేదు, జనం కింద ఉంది. పారాసెయిలింగ్ వాడు ఒక చెయ్యీ, టాటూ వాడు ఇంకో చెయ్యీ పట్టుకున్నారు. బీచ్‌లో తాగితే మనిషికి రెండు వేలు, గుంపుకి పదివేల దాకా జరిమానా అని 2019లోనే చట్టం సవరించారు. ఆ వార్త చెప్పే బోర్డుకి ఆనుకునే ఓ గుంపు మూత తీస్తోంది. అలల దగ్గర లైఫ్‌గార్డు ఈలలు వేసి వేసి బుగ్గలు నొప్పెట్టి కూచున్నాడు.

అప్పుడొచ్చిందండీ అద్దె జీపు. బీచ్ మీద బండ్లు నడపకూడదు. అది తెలియక కాదు, రీలు కోసం. సరిగ్గా నీటి అంచున ఇసుకలో నాలుగు చక్రాలూ దిగబడ్డాయి. చూస్తే మా పూల్ బ్యాచే. ఓ అల వచ్చి టైరు తడిపింది, ఇంకోటి డోరు తట్టింది. "అంకుల్, ఒక చెయ్యెయ్యండి అంకుల్!" రాత్రి కుర్చీ వేసిన పిల్లలాయె. వేశాను. పాతికమంది తెలుగువాళ్ళం ఒక్కటై, "జోర్‌సే బార్‌సే" అంటూ నెడితే బండి కదల్లేదు గానీ నా చెప్పు సముద్రంలోకి పోయింది. ట్రాక్టరొచ్చింది. పోలీసులొచ్చారు. మా బస్సు గంట అయిపోయింది. మా ఆవిడ ఒడ్డున నిలబడి, పుట్టి బుద్ధెరిగాక చూడని చూపు చూసింది.

మర్నాడు సౌత్ గోవా. పాత గోవాలో బామ్ జీసస్ బసిలికా, 1605లో ప్రతిష్ఠ చేసిన చర్చి. 1552లో చైనా తీరాన కన్నుమూసిన ఫ్రాన్సిస్ జేవియర్ దేహం వెండి పేటికలో అక్కడే ఉంది. ఆయన దాదాపు నాలుగు వందల ఏళ్ళుగా అక్కడున్నారు, మాకు పావుగంట ఇచ్చారు. తర్వాత దోనా పావులా. గైడ్ గొంతు సవరించుకుని, "ఏక్ దూజే కే లియే తీసింది ఇక్కడే" అని సముద్రం వైపు చెయ్యి చాపాడు.

"అది మన మరో చరిత్ర కదండీ!" అంది మా ఆవిడ.

నిజమే. 1978లో బాలచందర్ తెలుగులో తీశారు, విశాఖ, భీమిలి తీరంలో. 1981లో హిందీకి తీసుకెళ్ళినప్పుడు కథతో పాటు సముద్రాన్నీ మార్చి గోవాకి తెచ్చారు. మాతృకని పుట్టింటి గుమ్మంలో పెట్టుకున్న మనిషిని, నలభై నాలుగు వేలు పోసి రీమేక్ చూడ్డానికి తీసుకొచ్చాను. ఆవిడ నన్నేమీ అనలేదు. అదే ఎక్కువ బాధగా ఉంది.

సాయంత్రం మాండవి నది మీద గంట విహారం. చుట్టూ దీపాలు తగిలించుకున్న క్యాసినో ఓడలు. డెక్ మీద డీజే ముందు పిల్లల్ని పిలిచాడు, తర్వాత జంటల్ని, ఆ తర్వాత బ్యాచిలర్లని. బ్యాచిలర్ల వంతొచ్చేసరికి "మామా!" అని వినబడింది. ఎవరో చెప్పనవసరం లేదు. నాకు చెయ్యి ఊపారు. నేనూ ఊపాను. ఏం చేస్తాం, బంధుత్వం కలిసింది.

ఒక్క మంచి మాట కూడా రాయకపోతే పాపం. ప్యాకేజీ భోజనం పనీర్, జీరా రైస్. మూడు పూటలూ అవే, గోవాలో పంజాబీ భోజనం. ఆఖరి రోజు తప్పించుకుని సందు చివర నాలుగు బల్లల హోటల్లో కూచున్నాం. అన్నం, కొబ్బరి వేసిన చేపల పులుసు, కరకరలాడే కానాగంతల వేపుడు, గులాబీ రంగు కోకం చారు. "మా అమ్మ చేసినట్టుంది" అంది మా ఆవిడ. ఆ మాట ఏ ప్యాకేజీలోనూ లేదు.

ఇంటికొచ్చాక ట్రావెల్స్ కుర్రాడికి ఫోన్ చేసి అరిచాను. "అదేంటి సార్, మీ స్టేటస్‌లో చూశాను, ఫుల్ ఎంజాయ్ అని పెట్టారుగా?" అన్నాడు. ఒళ్ళు మండి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేశాను. ఆ అమ్మాయి చక్కటి తెలుగులో అంతా విని, ఆధారాలేమైనా ఉంటే పంపమంది. ఫోన్ తెరిచాను. మూడొందల పన్నెండు ఫొటోలు. కోట ముందు, పడవలో, చర్చి ముందు, ఒంటి చెప్పుతో జీపు పక్కన. అన్నిట్లోనూ పళ్ళికిలిస్తున్నాను. మా ఆవిడ మాత్రం ఒక్కదాంట్లోనే నవ్వింది, చేపల పులుసు ముందు.

ఆధారాలు పంపలేదు. వచ్చే నెలకి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వైజాగ్‌కి రెండు బెర్తులు చేయించాను.