ఇనుప పుష్పకము

మధ్యాహ్నభోజనానంతరము ఒక్క గడియసేపు కన్ను మూయుట చీరాల పౌరునకు తరతరాలుగా సంక్రమించిన హక్కు. గుంటమగ్గములో కూర్చున్న నేతగాడు కాళ్ళు పైకి తీసి గోడకు చేరగిలబడునదియు, బట్టలకొట్టు యజమాని గల్లాపెట్టెపై మోచేయి ఆనించి తల వాల్చునదియు ఆ వేళనే. అట్టి ప్రశాంతసమయమున, గడచిన నాలుగు నెలలనుండి, మా వీధి చివరి దొడ్డిలో గ్రైండరు ఇనుమును కోయు కర్ణకఠోరనాదము బయలుదేరి, పంటికింద ఇసుకరాయివలె మా నిద్రలలో పడి, మమ్మందరిని వేదాంతులను గావించినది. ఏలనన, కోపగించి ప్రయోజనము లేనిచోట వేదాంతమే గతి.

విచారింపగా తెలిసినదేమనగా, టెక్సాసు రాష్ట్రమున ఎనిమిదేండ్లు కంప్యూటరు ముందు కూర్చుండి, ఇప్పుడు అదే కంప్యూటరును వెంటబెట్టుకొని స్వస్థలము చేరి, రాత్రులు ఉద్యోగమును పగళ్ళు ఉత్సాహమును నడుపుచున్న ఒక యువకుడు, నాకు వరుసకు కొడుకు కావలసినవాడు, పాత ఇనుపకొట్లలో ఏరి తెచ్చిన తుక్కుతో ఒక బండిని స్వహస్తములతో నిర్మించుచున్నాడు. అది కారు వెనుక కొక్కెమునకు తగిలించి లాగునది. లోపల పండుకొనుటకు పరుపు, వెనుక తలుపెత్తినచో వంటయిల్లు, పైన గుడారము గలది. రోడ్డుమీదనే గాక రోడ్డు లేనిచోట కూడ పోవునది. "దీన్ని ఆఫ్‌రోడ్డు క్యాంపింగు ట్రైలరంటారు బాబాయిగారూ" అని అతడు సెలవిచ్చినాడు. మన భాషలో దారి విడిచి పోవువానిని దారి తప్పినవాడందురు. ఇంటి పెద్దలు అతనిని కూర్చుండబెట్టి బుద్ధి చెప్పుదురు. అదే మాట ఇంగ్లీషున చెప్పినచో పెద్దలే అరుగుమీదినుండి లేచివచ్చి ప్రక్కన నిలువబడి ఫోటో తీయించుకొనుచున్నారు.

అతని సిద్ధాంతమున ఖర్చు లేదు, పరాధీనత లేదు, ఇల్లను బంధము లేదు. లేనివాటి పట్టిక ఇంత దీర్ఘముగ ఉన్నప్పుడే ఉన్నవాటిని లెక్కపెట్టుకొనవలెనని నా అనుభవము. "అంతా పాత సామానే బాబాయిగారూ, చేతికష్టం తప్ప ఖర్చే లేదు" అని అతడనిన మాట నిజమే కావచ్చును గాని, ఆ లేని ఖర్చును వ్రాసిపెట్టిన పుస్తకము నూరుపుటలది, అందులో ఎనుబది నిండినవి. ఇరుసు కొరకు విజయవాడ ఆటోనగరుకు మూడు ప్రయాణములు. చక్రముల కొరకు గుంటూరుకు రెండు. వెల్డింగు యంత్రము కొత్తది, గ్రైండరు కొత్తది, డ్రిల్లింగు యంత్రము కొత్తది, తుక్కు మాత్రము పాతది. రెండువందల రూపాయల ఇనుపపట్టీని వ్యర్థము కానీయరాదను పవిత్రసంకల్పముతో ఇరువదివేల రూపాయల పనిముట్లను కొనుట పొదుపు అగునో కాదో మా వీధిలోని శ్రేష్ఠిగారు నేటికిని తేల్చలేకపోయినారు. ఆయన ముప్పదియేండ్లనుండి వడ్డీలెక్కలు కట్టుచున్నవారు.

ఇరుసు వచ్చిననాడు నేను స్వయముగ చూచినాను. అది మూలబడిన ఒక జీపు వెనుక ఇరుసు. నడుమ గుమ్మడికాయంత ఇనుపగూడు, ఆ గూటిలో పళ్ళచక్రములు. ఇంజను తిప్పగా వచ్చు బలమును రెండు చక్రములకు పంచుట ఆ పళ్ళచక్రముల వృత్తి. ఇంజనే లేని బండికి ఆ వృత్తితో ఏమి పని అని అడిగితిని. పని లేదట, అయినను కోసివేసినచో ఇరుసు బలము తగ్గునట. కావున అది పింఛను పుచ్చుకొను ఉద్యోగివలె ఏ పనియు చేయక, అందరికంటె ఎక్కువ బరువుతో, బండి నడుమ సుఖాసీనమై ఉండును. చక్రపు కుండలోని బేరింగులను కిరసనాయిలుతో కడిగి ఎండకు పట్టిచూడగా ఒకదానిపై నీలివన్నె కనబడినది. వేడికి కాగిన ఉక్కు ఆ వన్నె తిరుగును, తిరిగినదానిని పారవేయవలసినదే. ఆ విధముగ పాతవాటిలో ఒక్కొక్కటి పోయి కొత్తవి వచ్చి, కడకు బండిలో పాతదనము ఎంత మిగిలినదన, యజమానుని ఉపన్యాసములో ఎంత ఉన్నదో అంతయే.

కమాను కట్టల కథ ఇంకను చిత్రమైనది. ఏడు పట్టీల కట్టలవి. నిండు మనుష్యులతో నిండు సామానుతో జీపు గోతులలో పడునప్పుడు వంగుటకై పుట్టినవి. వాటిమీద ఈ తేలికపాటి డబ్బాను నిలిపినచో అవి వంగుటకు కారణమే కనుపించక కర్రలవలె బిగదీసుకొనినవి. మొదటి పరీక్షలో బండి గతుకు గతుకునకు మేకపిల్లవలె ఎగిరినది. లోపలి గాజుసీసాలు ఏమైనవో వర్ణింపను. తరువాత మూడు పట్టీలు ఊడదీయగా కొంత శాంతించినది. వెల్డింగు విషయమున మాత్రము న్యాయము చెప్పవలెను: తొలినాటి అతుకులు పిట్టరెట్టలవలె ఉండెడివి, నాలుగవ నెలకు వరుసగా పేర్చిన చిల్లరనాణెములవలె వచ్చినవి. చేతిపనిని నేను వెక్కిరింపను. చేసిన పనిని గూర్చి చేయు ప్రచారమే నాకు మింగుడుపడదు.

ఆ దారిన పోవుచు ఒకనాడు బండ్లు చేయు వృద్ధ వడ్రంగి యొకడు దొడ్డిలోనికి తొంగిచూచినాడు. కళ్ళద్దములు సవరించుకొని చుట్టూ ఒకమారు తిరిగి, "బండికి ముందు మొగ్గుండాలి బాబూ. ఎనక మొగ్గైతే ఎద్దుని గాల్లోకి లేపుద్ది" అని అన్నాడు. యువకుడు చిరునవ్వు నవ్వి, ఇది ఎద్దులు లాగునది కాదని వివరించినాడు. వంద లీటర్ల నీళ్ళతొట్టి, పొయ్యి, గిన్నెలు, సిలిండరు అన్నియు ఇరుసునకు వెనుకనే అమర్చినాడు. అట్లయిననే ఫోటోలో వంటయిల్లు అందముగ వచ్చునట. నూరు లీటర్ల నీరనగా నూరు కిలోల బరువు. మొత్తము బరువులో నూటికి పది మొదలు పదునైదు పాళ్ళు కొక్కెముమీద పడవలెనని, లేనిచో వేగమున వెనుకబండి తూలునని పాశ్చాత్యులు కూడ వ్రాసియున్నారు. అనగా వడ్రంగి చెప్పినదే వారును చెప్పినారు, కాని ఇంగ్లీషున చెప్పినారు. 216వ నంబరు జాతీయరహదారిపై గంటకు అరువది కిలోమీటర్ల వేగమున ఆ బండి పాము పడగ ఆడించినట్లు ఆడగా, కారులో కూర్చున్న అతని గృహిణికి ఇష్టదైవములందరును ఒక్కసారిగా జ్ఞప్తికి వచ్చినారు.

నాకు ఆశ్చర్యము గొలుపునది ఈ విద్య కొత్తదని చెప్పుకొనుట. మా ప్రాంతమున టైరుబండి ఎరుగనివాడు లేడు. ఏనాడో మూలబడిన మోటారు ఇరుసును, అరిగిన టైర్లను కొని, పైన బల్లలు పరచి, ముందు కాడి కట్టి, దానిమీద పొగాకు బేళ్ళను, నూలు మూటలను, ఇటుకలను తోలినవారు మా తాతలనాటినుండి ఉన్నారు. అంతయు తుక్కే, అంతయు స్వహస్తనిర్మితమే, అవసరమైనచో దారి లేనిచోట నడిచినదే. రాత్రి అయినచో ఎద్దులను విప్పి గడ్డివేసి, బండిక్రింద గోనె పరచుకొని తోలువాడు పండుకొనెడివాడు. పునరుపయోగమను మాటగాని, ప్రకృతితో తాదాత్మ్యమను మాటగాని ఆ బండి పక్కన ఎవ్వరును అనలేదు. అది పేదవాని బండి కనుక పాత ఇనుము పాత ఇనుముగనే ఉండిపోయినది. పాత ఇనుమునకు కళ అను గౌరవము రావలెనన్నచో దానిని కొన్నవాడు కొత్తది కొనగలవాడై ఉండవలెను. బరువు నిలుపు విద్యయు మావారికి కొత్త గాదు: కోటప్పకొండ తిరునాళ్ళకు పల్లెపల్లెనుండి తాళ్ళు, వెదుళ్ళు, బట్టలు, రంగుకాగితములు కట్టి తాటిచెట్టును మించిన ఎత్తున ప్రభలను నిలిపి బండ్లమీద తోలుకొనిపోవు రైతులు, శివరాత్రి కాగానే వాటిని విప్పి వెదుళ్ళు ఒకచోట, తాళ్ళు ఒకచోట చుట్టిపెట్టుకొని పొలమునకు పోవుదురు. భారసమత్వమును గూర్చి వారికి తెలిసినదానిలో పదియవవంతు తెలిసినను మా అబ్బాయి నీళ్ళతొట్టి ముందుకు వచ్చెడిది.

ఇల్లు విడిచి బయట నివసించుటయే ఘనకార్యమనినచో, ఈ విషయమున చీరాలకు పాఠము చెప్పదగినవారు భూమండలమున ఎవ్వరును లేరు. చీరాల పేరాలలను కలిపి ప్రభుత్వము మునిసిపాలిటీ చేయగా, నాలుగువేల రూపాయలుగా ఉన్న పన్నులభారము నలుబదివేల వరకు పెరుగగా, మాకు మీ పట్టణమూ వద్దు, మీ పన్నులూ వద్దని 1921లో ఇక్కడి జనము ఇండ్లకు తాళములు వేసి పొలిమేర దాటినారు. ముందు నడచినవాడు ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. ఆయనయు విదేశమున చదివివచ్చినవాడే, ఎడింబరోలో ఎం.ఏ. పట్టము పుచ్చుకొన్నవాడు. ఆయన తెచ్చినది గుడారముల నమూనా కాదు, రామదండను సేవాదళము. వేలకొలది మనుష్యులు, ముసలివారు, బాలింతలు, పసిపిల్లలు, ఊరి వెలుపల పాకలు వేసికొని, దానికి రామనగరమని పేరుపెట్టి, ఎండకెండి వానకు తడిసి పదునొకండు నెలలు గడిపినారు. తాటాకు, వెదురు, పురికొస. పరుపులు మడతలు పడునవా, పొయ్యి ఎన్ని మంటలది అని ఎవ్వరును అడిగినట్లు లేదు. వారు దేనికి వచ్చినారో వారికి తెలియును గనుక సామాను తక్కువైనను సరిపోయినది. దేనికి పోవుచున్నారో తెలియనప్పుడే సామాను పెరుగును.

ఈ ట్రైలరు వేడుక వ్యాపించినది అమెరికాలో. అక్కడ వాలీ బయాం అనునతడు ఫోర్డు మోడల్-టి చాసిస్‌మీద గుడారము వేసి తిరుగబోగా, వంటయిల్లు లేనిచోటికి రానని ఇల్లాలు మొండికెత్తినదనియు, ఆ మొండిపట్టునుండియే ట్రైలరు పెరిగి 1931 నాటికి ఎయిర్‌స్ట్రీమ్ అను కర్మాగారమైనదనియు ప్రసిద్ధి. వందలమైళ్ళు ఊరు లేని దేశము గనుక వారు ఇంటిని వెంట తీసికొనిపోయిరి, తప్పులేదు. మా సముద్రతీరమైన వాడరేవు చీరాలకు ఆరేడు కిలోమీటర్లే.

ఆ వాడరేవునకే మా అబ్బాయి తొలియాత్ర. పుష్పకవిమానమున ఎందరు ఎక్కినను ఇంకొకరికి చోటుండునందురు. ఈ ఇనుప పుష్పకమున ఎన్ని ఎక్కించినను ఇంకొకటి తక్కువైనట్లే ఉండును. ఫ్రిజ్జి, దానికొక బ్యాటరీ, బ్యాటరీకొక సౌరఫలకము, మడతకుర్చీలు, మడతబల్ల, దోమతెర, దోమతెరలోపల మరల దోమలబిళ్ళ. సరుగుడుతోట ప్రక్కన, దీపస్తంభము కనబడునంతదూరమున, ఇసుకలో గుడారము ఎత్తినారు. అరణ్యమనుకొన్నచోట సెల్లుఫోనుకు నాలుగు గీతలు నిండుగ వచ్చినవి. నూరడుగుల దూరమున టీకొట్టు. సాయంకాలము వంట మొదలిడగా తెలిసినది: పొయ్యి ఉన్నది, సిలిండరు ఉన్నది, రెగ్యులేటరు ఇంటివద్ద గోడమేకునకు వ్రేలాడుచున్నది. స్వయంసమృద్ధసంసారము ఆ రాత్రి కొట్లో వేయించిన చేపముక్కలను కాగితములో పొట్లము కట్టించుకొని తిన్నది.

తెల్లవారుసరికి కారును బండియు ఇరుసులవరకు ఇసుకలో దిగబడియున్నవి. ఇసుకలో నడచుటకు టైర్లలో సగము గాలి తీసివేయవలెనని అతనికి తెలియును. తీసినగాలిని మరల పట్టు పంపు కూడ మేకునకే ఉన్నదేమో, అతడు సాహసింపలేదు. అప్పటికి అలివివల లాగుచున్న బెస్తవారు వల ఒడ్డునకు చేర్చి, చేపలు తట్టలకెత్తి, అదే మోకును తెచ్చి కొక్కెమునకు కట్టి, హైలెస్సాయని ఒక్కపట్టున లాగినారు. బండి కదలినది. వారిలో పెద్దవాడు చేతుల ఇసుక దులుపుకొనుచు, జాలీకిటికీలు గల ఆ డబ్బాను నిదానముగ పరికించి, "ఏంది బాబూ ఇది, కోళ్ళబండా?" అని అడిగినాడు. నాలుగు నెలలలో దానిని చూచినవారందరిలో దానికి ప్రయోజనమును ఊహింపగలిగినవాడు అతడొక్కడే.

తిరుగుదారిలో మరియొక తత్త్వము బోధపడినది. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము ట్రైలరు కూడ మోటారు వాహనమే. మోటారు లేకున్నను మోటారు వాహనమే. కావున 39వ సెక్షను ననుసరించి రిజిస్ట్రేషను లేనిదే రోడ్డెక్కరాదు. రోడ్డు లేనిచోట తిరుగుటకు కట్టిన బండి అచ్చటికి చేరుటకు రోడ్డే కావలెను గదా; దొడ్డిలో పుట్టిన బండికి ఆ రోడ్డు ఎక్కు యోగ్యతాపత్రము ఎట్లు వచ్చునో అబ్బాయి ఇంకను విచారించుచున్నాడు. ఈలోగా ఉప్పుగాలి తన పని తాను చేయుచున్నది. పిట్టరెట్టలవంటి తొలి అతుకులవద్ద ఎర్రని పొడి రాలుచున్నది, అతని అమ్మగారు ఆ కొక్కెమునుండి జామచెట్టునకు తాడు కట్టి చీరలు ఆరవేయుచున్నారు. గ్రైండరు మరల మ్రోగుచున్నది: ఈ సారి పైకప్పు ఎత్తు పెంచుచున్నాడట.

పాఠకమహాశయులకు మనవి: కార్తిక పూర్ణిమనాడు సముద్రస్నానమునకు రాదలచినచో చీరాలలో ఆటో ఎక్కుడు, వాడరేవున దిగుడు. ఒక చాప, ఒక మంచినీళ్ళ సీసా, పులిహోర పొట్లము చాలును. రెగ్యులేటరు అక్కరలేదు.